ఐదో వరుస, పన్నెండో స్థలం

మా మోటార్‌హోమ్ వెనక, నంబరు ప్లేటుకు పైన, తెలుగులో ఒక మాట ఉంది: స్వస్థత. నీలి అక్షరాలు, ఒక్కొక్కటి జానెడు ఎత్తు. టూవూంబాలో బండ్ల మీద స్టిక్కర్లు అతికించే అతనికి తెలుగు రాదు కనుక నేనే తెల్ల కాగితం మీద లావుగా రాసి ఇచ్చాను. మొదటిసారి వత్తులను మరకలనుకుని వదిలేశాడు. రెండోసారి పక్కనే నిలబడి చేయించుకున్నాను. ఎండకు ఆ నీలం ఇప్పుడు బాగా పాలిపోయింది.

ఈ దేశంలో మోటార్‌హోమ్ ఉన్నవాళ్లు బండికి పేరు పెట్టి వెనకాల రాసుకుంటారు. పడక, పొయ్యి, నీళ్ల ట్యాంకు, బాత్రూము అన్నీ ఒక్క బండిలో పెట్టుకుని, రిటైరయ్యాక దేశం చుట్టేవాళ్లు వాళ్లు. ఆ పేర్లలో వాళ్ల సరదా కనబడుతుంది. ‘ఇక సోమవారాల్లేవు’ అని ఒకరు రాసుకుంటారు. ‘దారి తప్పలేదు, చూస్తున్నామంతే’ అని ఇంకొకరు. నేను సరదాకు రాయలేదు. సాక్ష్యంగా రాశాను.

దేవుడు చేసిన మేలును సంఘం ముందు నిలబడి చెప్పడాన్ని మేము సాక్ష్యం అంటాం. టూవూంబాలో మా తెలుగు సంఘం చిన్నది. వేరే చర్చివాళ్ల హాలు ఆదివారం మధ్యాహ్నాలు మాకిస్తారు. అందులో నేను పెద్దను. యూనివర్సిటీలో సర్వేయింగ్ పాఠాలు చెప్పి రిటైరయ్యాక నాకు మిగిలిన పని అదొక్కటే, ఇష్టమైన పని కూడా అదే. నా భార్య రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగిసి, స్కాన్‌లో ఏమీ కనబడలేదని డాక్టరు చెప్పిన వారమే ఆమెను పక్కన నిలబెట్టుకుని సాక్ష్యం చెప్పాను. అందరూ లేచి స్తోత్రం అన్నారు. నిజానికి డాక్టరు అన్న మాట, ‘ఇప్పటికి ఏమీ కనబడడం లేదు’ అని. ఆ ‘ఇప్పటికి’ని నేను వదిలేశాను. ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన ఆమె ఆ మాట విలువ తెలిసి నా మోచేయి మెల్లగా గిల్లింది. నేను పట్టించుకోలేదు.

మా సంఘంలో ఒక బోధ ఉంది. నేర్పినవాళ్లలో నేనూ ఒకణ్ణి. స్వస్థత పొందుకున్నామని నోటితో ఒప్పుకున్నాక మళ్లీ రోగం మాట ఎత్తకూడదు. ఎత్తితే అది అవిశ్వాసం. మోకాలి నొప్పి తగ్గిందని సాక్ష్యం చెప్పిన ఒక సోదరి తర్వాత ఆరు నెలలు కుంటుతూ కూడా నొప్పి అనలేదు. ఆమె విశ్వాసాన్ని నేను మెచ్చుకున్నాను, ప్రసంగంలో చెప్పాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ సోదరి మెట్లు ఎక్కడమే నాకు గుర్తొస్తుంది.

బండి ఆ తర్వాతే కొన్నాం. మరుసటి ఏడాది చలికాలం చివర, ఇక్కడి లెక్కన ఆగస్టులో, మోటార్‌హోమ్ వాళ్లందరూ ఏటా ఒకచోట కూడే ఐదు రోజుల సమావేశానికి మొదటిసారి వెళ్లాం. టూవూంబాకు పడమరగా రెండున్నర గంటల దూరంలో ఒక చిన్న ఊరి షోగ్రౌండ్, అంటే ఏటా పశువుల ప్రదర్శన జరిపే మైదానం. గురువారం మధ్యాహ్నం మేం గేటు దగ్గరికి వెళ్లేసరికి మా ముందు ఇరవై బండ్లున్నాయి. పసుపు జాకెట్టు వేసుకున్న ఒకాయన కిటికీలోకి తొంగి చూశాడు.

“మొదటిసారా?”

“అవును.”

“అయితే తప్పు పార్కింగ్‌కి ఈ ఒక్క ఏడాదే క్షమాపణ. ఐదో వరుస, పన్నెండు. ఆ జెండా దగ్గర ఎడమకి తిప్పు, మేట్.”

పన్నెండో నంబరు రాసిన చిన్న మేకు గడ్డిలో దిగేసి ఉంది. చుట్టూ రెండు వందలకు పైగా బండ్లు, వరుసకో రంగు జెండా. బైబిల్లో అరణ్యంలో నడిచిన దేవుని జనం గోత్రాల ప్రకారం, ధ్వజాల ప్రకారం పాళెం దిగేవారని చిన్నప్పటి నుంచి చదివినవాణ్ణి. ఆ జెండాలు చూడగానే నా మనసు ఉప్పొంగిపోయింది. “చూశావా, పాళెం ఇలాగే ఉండి ఉంటుంది,” అన్నాను.

“వాళ్లకి తినడానికి ఆకాశం నుంచి మన్నా పడేది. మనకి నేను వండాలి,” అంది ఆమె. నవ్వుతూనే అంది. కానీ బండి దిగేటప్పుడు మెట్టు మీద ఒక నిమిషం ఆగింది, పక్కటెముకల కింద కుడిచేయి పెట్టుకుని. దారంతా కూర్చుని వచ్చింది కదా, పట్టేసిందనుకున్నాను.

పదమూడో స్థలంలో ఉన్నది డెబ్బై దాటిన ఒక ఆవిడ. భర్త పోయాక గోధుమ పొలం కొడుక్కి వదిలేసి, చిన్న వ్యానులో ఒంటరిగా తిరుగుతోంది. తోడుగా ఒక చెవి సగం తెగిన ముసలి కుక్క. అందరినీ ‘లవ్’ అని పిలుస్తుంది, ఆఖరికి నన్ను కూడా. మేం బండి పక్కన నీడకు వేసే గుడారపు గుడ్డ విప్పడానికి తంటాలు పడుతుంటే వచ్చి చూసి, “పెళ్లయి ఎన్నాళ్లయింది?” అంది. ముప్పై ఎనిమిదేళ్లు అన్నాను. “అయితే తట్టుకుంటారు. కొత్త జంటలు ఈ గుడ్డ దగ్గరే విడిపోతారు,” అంటూ తనే ఒక కర్ర పట్టుకుంది.

రోజూ సాయంత్రం నాలుగున్నరకు ఒక ఆచారం. ఎవరి కుర్చీ వాళ్లు, ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకుని, వరుసకొక చోట గుండ్రంగా కూర్చుంటారు. నేను నిమ్మరసం పట్టుకెళ్లాను. అక్కడ కొత్తవాళ్లను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: బండి వెనకాల ఉన్న పేరుకి అర్థమేంటి? మా అక్షరాలు ఎవరికీ చదవడం రాదు కాబట్టి ప్రశ్న మొదట మా దగ్గరికే వచ్చింది. నేను నిలబడి చెప్పాను. వ్యాధి ఎలా వచ్చిందీ, సంఘం ఎలా ఉపవాసం ఉన్నదీ, ప్రభువు ఎలా ముట్టాడూ. వాళ్లు మర్యాదగా విన్నారు. ఒకాయన గ్లాసు పైకెత్తి, “మంచి మాట, మేట్,” అన్నాడు. ఆమె తన బూట్ల వైపు చూస్తూ కూర్చుంది. నేను ముగించకముందే, “కుక్కర్ పెట్టొస్తా,” అని లేచి వెళ్లింది.

శుక్రవారం పొద్దున టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసే చోట వరుసలో నిలబడ్డాను. పదవి, చదువు, తెలుపు, నలుపు ఏదీ లేకుండా అందరం తలా ఒక ప్లాస్టిక్ పెట్టె మోసుకుని నిలబడే చోటు అది. తిరిగొస్తూ బట్టలు ఉతికే షెడ్డు మీదుగా వచ్చాను. లోపల నా భార్య, పదమూడో స్థలం ఆవిడ బోర్లించిన పాల క్రేట్ల మీద కూర్చుని ఉన్నారు. మిషను తిరుగుతోంది. ఆవిడ చెయ్యి ఆమె మోకాలి మీద ఉంది. నన్ను చూడగానే ఇద్దరూ ఆగిపోయారు.

“ఏం మాట్లాడుకుంటున్నారు?” అన్నాను.

“బట్టల గురించి,” అంది నా భార్య.

ఆమె దేవుని వాక్యం పంచుకుంటోందనుకున్నాను. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి మరి. దేవుని పనికి అడ్డురాకూడదని అక్కడి నుంచి వచ్చేశాను. వస్తూ దారిలో స్తోత్రం కూడా చెప్పుకున్నాను.

శనివారం ఇళ్లు చూపించుకునే రోజు. ఎవరి బండి తలుపు వాళ్లు తెరిచిపెడితే మిగతావాళ్లు వచ్చి లోపల ఏది ఎలా అమర్చుకున్నారో చూస్తారు. సింకు పక్కన బెల్టుతో కట్టిన కరివేపాకు కుండీని, అల్మరా తలుపు లోపల వేలాడదీసిన ఇడ్లీ ప్లేట్లను చూడడానికి మా గుమ్మం ముందు వరుస కట్టారు. ఆమె అందరికీ కారప్పొడి రుచి చూపించి, వాళ్లు దగ్గితే నీళ్లిచ్చింది. మధ్యాహ్నానికి ఆమె మొహం పీక్కుపోయింది. అడిగితే, “జనం కదండీ,” అంది.

అప్పుడే ఒక పెద్దాయన వచ్చాడు. ఒకప్పుడు పాదిరి. సమావేశంలో ఆదివారం ఆరాధన ఆయనే జరుపుతాడు. కళ్లద్దాలు ముక్కు దగ్గర టేపుతో అతికించి ఉన్నాయి.

“కుక్క తొక్కింది. మీ పక్కావిడ కుక్కే,” అన్నాడు. “ఇప్పుడు దూరంగా ఉన్నవాళ్లు కనిపిస్తారు, చేతిలో అక్షరాలు కనబడవు. మీ కథ విన్నాను. రేపు ప్రార్థన మనవులు నువ్వు చదువుతావా?”

టీ షెడ్డులో వేడినీళ్ల పాత్ర పక్కన ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బా ఒకటి, మూతకు గాటు పెట్టి ఉంచారు. ప్రార్థన కావలసినవాళ్లు చీటీ రాసి అందులో వేస్తారు. పేరు రాయరు. వరుస, స్థలం నంబరు రాస్తారు. ఎవరికైనా వెళ్లి పలకరించాలనిపిస్తే ఆ నంబరు చూసుకుని వెళ్తారు. అదీ అక్కడి పద్ధతి.

నేను వెంటనే ఒప్పుకున్నాను. ఆయన వెళ్లాక నా భార్య సింకు తుడుస్తూ, “మీరెందుకండీ? వాళ్లలో వాళ్లు లేరా?” అంది.

“దేవుడు తెరిచిన తలుపిది. నేను మూస్తానా?”

“ఆ డబ్బాలోవేనా చదివేది?”

“అవును.”

“అన్నీనా?”

“అన్నీ.”

ఆమె గుడ్డ పిండి ఆరేసింది. తర్వాత టీ షెడ్డుకి వెళ్లొస్తానని వెళ్లి పది నిమిషాల్లో వట్టి చేతులతో తిరిగొచ్చింది. “సరే. చదవండి,” అంది, నేను అడక్కుండానే.

ఆరాధన పశువులను నిలబెట్టే పెద్ద రేకుల పందిట్లో. ఎంత కడిగినా ఆ వాసన పోదు. ప్రభువు పుట్టిన చోటూ ఇలాంటిదే కదా అని అందరూ అనుకునే మాట నేనూ అనుకున్నాను. ఎనభై మంది దాకా కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. నా భార్య మూడో వరుసలో, పక్కన పదమూడో స్థలం ఆవిడ, ఆవిడ కాళ్ల దగ్గర కుక్క. రెండు పాటలయ్యాక పెద్దాయన డబ్బా నా చేతికిచ్చాడు. ముందుగా చదివి చూసుకునే వీలు లేదు. మూత తీసి ఒక్కొక్కటీ చదివాను.

రెండో వరుస, ముప్పై: మనవడు ఇంటికి ఫోన్ చెయ్యడం లేదు. ఏడో వరుస, నాలుగు: మోకాలి ఆపరేషన్. ఒకటో వరుస, పందొమ్మిది: మా ప్రాంతంలో మూడేళ్లుగా వాన లేదు. ఒక్కోదాని తర్వాత కొంచెం ఆగుతాను, అందరూ తలలు వంచుతారు. నా గొంతు ఆ రేకుల కింద బాగా పలుకుతోందని కూడా గమనించాను. అది దాచిపెట్టను.

ఆరో చీటీ తీశాను. “ఐదో వరుస, పన్నెండు,” అని పైకి చదివాను. చదివాక గానీ అది మా స్థలమని తట్టలేదు.

ఇంగ్లీషులో, విడివిడిగా పెద్ద అక్షరాలు. ఆసుపత్రి చార్టులు రాసీ రాసీ అలవాటైన చేతిరాత. ఇలా ఉంది: నాకు మళ్లీ వచ్చింది. ఈసారి కాలేయంలో. నా భర్తకు తెలియదు. నాకు నయమైందని ఆయన అందరికీ చెప్పారు. దయచేసి ఆయన కోసం ప్రార్థించండి, నా కోసం కాదు. ఇది విన్నాక ఆయన విశ్వాసం పడిపోకుండా.

 ఎవరో దగ్గారు. స్థలం నంబరు నా నోట్లోంచి బయటికి వచ్చేసింది, ఇక ఏదో ఒకటి చదవాలి. నేను తల ఎత్తకుండా, అదే గొంతుతో, “స్వస్థత కోసం దేవునికి కృతజ్ఞతలు చెల్లిస్తున్నారు,” అన్నాను.

ఆమెన్ అన్నారు అందరూ. గురువారం నా సాక్ష్యం విన్నవాళ్లు ఆమె వైపు తిరిగి నవ్వారు. ఎవరో రెండు చప్పట్లు కూడా కొట్టారు. ఆమె తల వంచుకుని ఉంది. పదమూడో స్థలం ఆవిడ మాత్రం తల వంచలేదు. నన్నే చూస్తూ ఉంది. తర్వాత లేచి, కుక్కను తీసుకుని, ఎండలోకి వెళ్లిపోయింది.

మిగతా చీటీలు ఎలా చదివానో గుర్తులేదు. చదివాను.

ఆరాధన తర్వాత టీ షెడ్డు దగ్గర ఆవిడ నా పక్కకు వచ్చి నిలబడింది. కప్పులో పాలు పోసుకుంటూ, నా వైపు చూడకుండా, “పెన్ను నాదే, లవ్. ఆమె ఏం రాసిందో నాకు తెలుసు,” అంది. కప్పు పట్టుకుని వెళ్లిపోయింది. 

నేను మా బండి దగ్గరికి వెళ్లేసరికి ఆమె మెట్టు మీద కూర్చుని బీన్స్ తరుగుతోంది.

“ఏం చదివారండీ?” అంది. కోపంగా కాదు. వార్డులో కొత్తగా చేరిన నర్సును అడిగినట్టు.

నా చెయ్యి చొక్కా జేబులోని చీటీ మీదికి పోయింది.

“నేను రాసింది అది కాదు కదా.”

“కాదు.”

“ముప్పై ఏళ్లు చార్టులు రాశాను. నా రాత అర్థం కాలేదన్న డాక్టర్లున్నారు గానీ, మార్చి చదివినవాడు ఒక్కడూ లేడు.”

గడ్డి మీద ఆమె ఎదురుగా కూర్చున్నాను. “ఎప్పుడు తెలిసింది?”

“జూన్‌లో. ఫ్రెండ్స్‌తో లంచ్ అని వెళ్లాను చూడండి, ఆ రోజు. లంచ్ కాదు, స్కాన్.”

“ఒక్కదానివేనా?”

“ఒక్కదాన్నే. పార్కింగ్ దొరక్క రెండు రౌండ్లు కొట్టాను. లోపల వాళ్లు చెప్పినదానికి ఏడుపు రాలేదండీ. ఆ పార్కింగ్‌కే ఏడ్చేశాను.”

“నాకెందుకు చెప్పలేదు? ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడకు చెప్పావు.”

“ఆవిడ సాక్ష్యం చెప్పలేదు కదా నా గురించి.” బీన్స్ గిన్నె పక్కన పెట్టింది. “ఎట్లా చెప్పనండీ? వెనకాల బోర్డు కట్టుకుని తిరుగుతున్నారు. గురువారం ఇక్కడికి రాగానే చెప్దామనుకున్నా. మీరు అప్పటికే లేచి నిలబడి మొదలుపెట్టారు. శుక్రవారం మళ్లీ. నాకు నయమైందని చెప్పేటప్పుడు మీ మొహం ఎట్లా వెలుగుద్దో మీకు తెలీదు. దాన్ని ఆర్పబుద్ధి కాలేదు.”

“చీటీ నేను చదువుతానని తెలిశాక అయినా...”

“తీసేద్దామనే వెళ్లాను నిన్న. డబ్బా ఆయన అప్పటికే తీసుకెళ్లిపోయాడు. పోన్లే, ఇది దేవుడి ఏర్పాటేమో, నా నోటితో కాకపోతే ఆయన నోటితోనే వినాలేమో అనుకున్నా.” ఒళ్లో పడ్డ తొడిమలు దులిపింది. “విన్నారు. కానీ నన్ను మాత్రం ఎవరూ వినలేదు.”

నాకు తెలిసిన పని ఒక్కటే. మోకాళ్ల మీదికి వంగి, ఆమె తల మీద చెయ్యి పెట్టి, పెద్ద గొంతుతో మొదలుపెట్టాను: “ప్రభువా, ఈ రోగాన్ని నీ నామంలో గద్దిస్తున్నాను...”

ఆమె నా చెయ్యి తీసి తన చేతిలో పెట్టుకుంది. “గద్దించకండి. దానికి మీ మీద భయం లేదు. ఈ పూటకి ఊరికే కూర్చోండి.”

కూర్చున్నాను. గ్రంథంలో బూడిదలో కూర్చున్న ఒక భక్తుడి దగ్గరికి స్నేహితులు వస్తారు. ఏడు రోజులు ఆయనతో నేల మీద ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంటారు. వాళ్ల తప్పంతా నోరు తెరిచాకే మొదలవుతుంది. ఈ సంగతి మీద నేను సంఘంలో మూడు ఆదివారాలు ప్రసంగించాను. ఆమె ఆ మూడు ఆదివారాలూ ముందు వరుసలో కూర్చుని విన్నది. ఆ గడ్డి మీద అది గుర్తొచ్చి సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆమె వేళ్లు సన్నబడ్డాయి, ఉంగరం తిరుగుతోంది. రోజూ పట్టుకునే చెయ్యి. నేను చూడనే లేదు.

కొంతసేపటికి లేచి, వంటింటి చాకు తీసుకుని బండి వెనక్కి వెళ్లాను. మొదటి అక్షరం అంచు గోటితో లేపి, చాకు దూర్చాను.

“ఏం చేస్తున్నారు?” ఆమె వెనకే వచ్చింది.

“తీసేస్తున్నా.”

“చాకుతోనా? పెయింటు లేచిపోద్ది. ఇటివ్వండి, బీన్స్ సగంలో ఉన్నాయి.” చాకు తీసుకుంది. లేచిన అంచును బొటనవేలితో మళ్లీ అదిమింది. “ఉండనీయండి. మీరు అడిగింది అదే కదా దేవుణ్ణి. అడిగింది తుడిచెయ్యకూడదు. ఇచ్చేశాడని మాత్రం చెప్పకండి.”

ఆ మాట ముందు ఇన్నాళ్ల నా బోధ అంతా నిలవలేకపోయింది. ఇప్పటికీ నిలవడం లేదు.

ఆ సాయంత్రం నాలుగున్నరకు వెళ్లొద్దులే అన్నాను. “రేపు పొద్దున అందరూ వెళ్లిపోతారు. తప్పు చదివింది ఇక్కడే కదా,” అంది. కుర్చీలు నేను మోశాను. గుండ్రంగా పాతికమంది ఉన్నారు. టేపు అద్దాల పెద్దాయన కూడా మా వరుసకే వచ్చి కూర్చున్నాడు. మేం కూర్చోగానే, శనివారమే వచ్చి చేరిన ఒకాయన, ఎర్రటి మొహం, పెద్ద నవ్వు, అటువైపు నుంచి కేకేశాడు.

“పొద్దున విన్నాను, మేట్! అయితే మీ బండి వెనకాల ఉన్నది కూడా అదేనా? ఏమని రాసుంది?”

నా నోరు అలవాటు ప్రకారం తెరుచుకుంది. మళ్లీ మూసుకున్నాను. లేచి నిలబడ్డాను.

“పొద్దున పన్నెండో స్థలం చీటీ నేను తప్పు చదివాను,” అన్నాను. “అక్షరాలు అర్థం కాక కాదు. అందులో ఉన్నది నా నోటితో చెప్పలేక.”

చొక్కా జేబులోంచి చీటీ తీసి ఆమె చేతికిచ్చాను. నేను మళ్లీ కూర్చునేదాకా ఆగి, ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది. లేవలేదు. కూర్చునే, తను రాసింది రాసినట్టు చదివింది. నర్సులు షిఫ్టు మారేటప్పుడు రోగి వివరాలు అప్పజెప్పే గొంతుతో. ‘ఆయన కోసం ప్రార్థించండి’ అన్న చోట మాత్రం ఆ గొంతు కొంచెం తడబడింది. చదివాక ఎర్ర మొహం ఆయన వైపు తిరిగి, “వెనకాల ఉన్నది మా ఆయన ప్రార్థన. ఇంకా జవాబు రాలేదు,” అంది.

ఎవరూ ఆమెన్ అనలేదు. ఎర్ర మొహం ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. పెద్దాయన కళ్లద్దాలు తీసేశాడు. పదమూడో స్థలం ఆవిడ తన కుర్చీని గడ్డి మీద ఈడ్చుకుంటూ తెచ్చి ఆమె కుర్చీకి ఆనించింది. కుక్క వచ్చి ఆమె బూటు మీద గడ్డం పెట్టుకుని పడుకుంది. అంతే. తర్వాత ఆవిడే, “ఆ కారప్పొడి ఇంకా ఉందా, లవ్? నిన్న నాకు దగ్గే దక్కింది, రుచి తెలియలేదు,” అంది. నా భార్య నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆ ఐదు రోజుల్లో ఆమె అందరి ముందూ ఏడవడం అదొక్కసారే.

సోమవారం మేం బయలుదేరుతుంటే మా వరుస వాళ్లు ఇరువైపులా నిలబడి చేతులు ఊపారు. షోగ్రౌండ్ దాటి తారు రోడ్డెక్కాక ఆమె సీటు వెనక్కి వాల్చుకుని, “అమ్మాయికి ఈరోజు చెప్పాలి,” అంది. మా అమ్మాయి పెర్త్‌లో, కానింగ్ వేల్‌లో ఉంటుంది. “వచ్చే ఆదివారం మన సంఘంలో కూడా. నేనే చెప్తాను. మీరు పక్కన నిలబడండి చాలు.”

నిలబడ్డాను. పోయినసారి నేను మాట్లాడి ఆమె నిలబడ్డ చోటే. మళ్లీ వచ్చిందని ఆమె రెండు వాక్యాల్లో చెప్పింది.  ఎవరూ స్తోత్రం అనలేదు, ఏమనాలో మాకు ఎవరూ నేర్పలేదు, నేనూ నేర్పలేదు. ఆరాధన అయ్యాక ఒక పెద్దావిడ దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, “ఏంటమ్మా, విశ్వాసం తగ్గిందా?” అని అడిగింది.

“విశ్వాసం కాదు ఆంటీ, బరువు తగ్గింది. ఏడు కేజీలు,” అంది నా భార్య.

వెనక కుర్చీల్లో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. మోకాలి నొప్పి సోదరి. ఆమె కుంటుతూ ముందుకొచ్చి, నా భార్యను పట్టుకుని, “నాకు కూడా తగ్గలేదమ్మా,” అంది. నేను అక్కడే ఉన్నాను. అందరికీ వినబడేలా ఆ సోదరిని క్షమించమని అడిగాను.

తర్వాత నా భార్య ఐదు నెలలు బతికింది. ఆ ఐదు నెలల్లో బండి ఒక్కసారే తీశాం, అది కూడా పెరట్లో నిలబెట్టుకుని అందులో టీ తాగడానికి. చివరి వారాల్లో ఆమె పగలు కూడా పడుకునేది. లేచి, “నొప్పిగా ఉందండీ,” అనేది. అన్నప్పుడల్లా నా నోట్లోకి పాత మాటలు వచ్చేవి. వాటిని మింగేసి, “ఎక్కడ?” అని అడిగేవాణ్ణి. ఆమె చూపించేది. అక్కడ చెయ్యి పెట్టి కూర్చునేవాణ్ణి.